ఇస్తినమ్మ నీళ్లు, పుచ్చుకుంటినమ్మ గోళీలు

తెలుగువాళ్లకు లాటిన్ నేర్పింది కాలేజీలు కావు, సీబీఐ. 2011, 2012లలో పెట్టుబడుల కేసు పతాక శీర్షికలకెక్కాక ‘క్విడ్ ప్రో కో’ అనే మాట ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ హోటల్ దాకా వచ్చేసింది. అక్కడ పేపరు చదివే పెద్దాయన దాన్ని ‘క్విట్టు పొక్కో’ అనేవాడు.

“గదేంది కాకా?” అని అడిగా.

“నువ్వు నాకు చాయ్ తాపిస్తవ్, నేను నీకు పేపర్ సదివి ఇనిపిస్త. గదే.”

అంత పొట్టిగా చెబితే ఏ వకీలుకూ ఫీజు గిట్టదు.

రాజకీయాల్లో చేరకముందు ఈ మాట మందుల కొట్లో పనిచేసేది. యూరప్‌లో ఒకప్పుడు, వైద్యుడు చెప్పిన మూలిక దొరక్కపోతే బదులుగా ఏది వాడొచ్చో చెప్పే జాబితాలకు ఇదే పేరు. 16వ శతాబ్దపు ఇంగ్లండులో మందులవాడు పొరపాటునో కక్కుర్తితోనో ఒకదానికి బదులు మరొకటి పొట్లం కట్టిస్తే, దాన్నీ ఇలాగే అనేవారు. “ఆ కంపెనీది లేదు సార్, గిది తీస్కోండి, కాంబినేషన్ గదే” అంటున్న మెడికల్ షాపు కుర్రాడికి, తాను లాటిన్ ఆచారం పాటిస్తున్నానని పాపం తెలియదు.

ఆ లెక్కన ఈ మాటకు పటాన్‌చెరు పుట్టిల్లులాంటిది. బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం... వాసన పట్టి ఏ కంపెనీలో ఏం వండుతున్నారో చెప్పగల ముక్కులు మా వైపు చాలా ఉన్నాయి. ప్రపంచం మింగే గోళీలకు ముడిసరుకు మేం పంపిస్తాం. ప్రతిఫలం నక్కవాగులో వస్తుంది. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల మురుగు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. అందులోంచి ‘శుద్ధి’ అయి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో లెక్క ప్రకటించారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వాడే రోగి ఒంట్లోని రక్తంలో కూడా అంత ఉండదు. వాగుకు జ్వరం లేదు, డాక్టరు చీటీ లేదు, కోర్సు మధ్యలో ఆపే వీలూ లేదు. వాగు కోలుకున్న దాఖలా ఎక్కడా కనపడలేదు గానీ, అందులోని బాక్టీరియా మాత్రం మందుకు లొంగకుండా రాటుదేలింది.

మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పెండ్లి కట్నాలు రాసుకున్న నోట్‌బుక్కు ఉంటుంది. ఎవరింటినుంచి శుభలేఖ వచ్చినా ముందు అది తెరుస్తుంది. “వాళ్లు మనకు 116 పెట్టిండ్రు. ధరలు పెరిగినయ్ గద, మనం 516 పెట్టాలె.” ఎవరిచ్చారో వాళ్లకే తిరిగి చేరాలి, వడ్డీతో సహా. వాగు సంగతిలో అలాంటి నోట్‌బుక్కు ఎవరూ పెట్టలేదు. నీళ్లు పోయింది రైతుకు, సరుకు డబ్బులు వచ్చింది ఇంకొకరికి. 1990లో ఈ కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకెక్కాక పరిహారం ఇమ్మని ఆదేశాలొచ్చాయి. ఆ తర్వాతి కాలంలో కంపెనీల సామాజిక బాధ్యత అనే సీఎస్ఆర్ వచ్చింది. ఊరి బావి పోయిన చోట ఆర్వో ప్లాంటు వెలుస్తుంది, మేనేజరు రిబ్బన్ కత్తిరిస్తాడు, సర్పంచి శాలువా కప్పుతాడు. ఆ ఫొటోలో బావి ఉండదు. ఇచ్చింది నిజానికి బావి కదా, శాలువా దానికి కప్పాలి!

ఈ జిల్లాలో నేనెరిగిన నిఖార్సయిన క్విడ్ ప్రో కో ఒక్కటే, అదీ జైల్లో. సంగారెడ్డి పాత జైలును 1796లో కట్టారు. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండనిచ్చే పథకం పెట్టారు. ఖద్దరు బట్టలు, పళ్లెం, జైలు కూడు అన్నీ అందులోనే. రేటు ముందే తెలిసేది, ఇచ్చినవాడే పుచ్చుకునేవాడు. తక్కిన చోట్ల డబ్బు తీసుకున్నవాడు జైలుకెళ్లాలి, అదీ రుజువైతే. ఇక్కడ ఇచ్చినవాడే నవ్వుతూ లోపలికెళ్లేవాడు. మర్నాడు బయటికి రావడానికి ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టక్కర్లేకపోయేది.