2009లోనే ఆగిపోయిన డబ్బా

మా తనకల్లు పక్క కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా మందు ఒకటే. బ్రౌజర్ తీసెయ్, మళ్లీ ఎక్కించు. పేజీ తెరుచుకోకపోతే తీసెయ్. ప్రింటు సగం వచ్చి ఆగితే తీసెయ్. ఓటీపీ రాకపోయినా తీసెయ్. ఓటీపీ రావాల్సింది ఫోన్‌కు కదప్పా అని ఎవరన్నా అడిగితే, వాణ్ని ఎగాదిగా చూసి మరీ తీసెయ్.

ఈ వైద్యం చేసేది కదిరి–మదనపల్లె రోడ్డు పక్కన జిరాక్సు, లామినేషన్, పాస్‌పోర్టు ఫోటో, ఆన్‌లైన్ అప్లికేషన్ అన్నీ ఒకే షట్టర్ కింద నడిపే కుర్రాళ్లు. వాళ్లను అనేదానికేమీ లేదు. బెంగళూరులో ఏదో ఆఫీసు వదిలించుకున్న సెకండ్ హ్యాండ్ డబ్బా, అందులో విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. వన్-బీలు, అడంగళ్లు, ఆదాయం సర్టిఫికెట్లు, పిల్లోళ్ల హాల్ టికెట్లు అన్నీ దాని కడుపులోంచే రావాల. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020 జనవరి 14న విండోస్ 7కు నీళ్లొదిలేశారు. ఆ కబురు డబ్బాకు ఎవరూ చెప్పలేదు గనక అది ఇంకా పనిచేస్తానే ఉంది.

తీసెయ్యడం ఎంతసేపు, చిటికెలో పని. ఎక్కించబోతేనే కథ మొదలు. పాత విండోస్‌కు క్రోమ్ 109తోనే సరి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 మొదలు, విండోస్ 10 లేని ఇంటి గడప తొక్కదు. కుర్రాడేమో నడుస్తున్న 109ని పీకి పారేసి కొత్తదాన్ని పిలుస్తాడు. కొత్తది వాకిట్లోకొచ్చి, లోపలికి తొంగిచూసి, నేనీడ ఉండనని వెనక్కి తిరుగుతుంది. ఇక మిగిలింది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. దానికి 2022 జూన్ 15న రిటైర్మెంట్ అయిపోయింది. ఏ పేజీ తెరవమన్నా పింఛనుదారు మాదిరి నిదానంగా ఆలోచించి, చివరికి తెల్లకాగితం చూపిస్తుంది.

ఆ ముసలిదాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఒకప్పుడు సర్కారు సైట్ల అడుగున ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చూడండి, తెర కొలత ఇంత ఉండాలి అని రాసేవాళ్లు. వేరేదాంట్లో తెరిస్తే కొన్నిచోట్ల డిజిటల్ సంతకం పడేదే కాదు. పాతది వాడి తీరాలన్నవాళ్లే ఇప్పుడు లేటెస్ట్ బ్రౌజర్ వాడండి అని ఎర్రక్షరాల్లో మందలిస్తున్నారు. అంతో ఇంతో కనికరం చూపింది ఫైర్‌ఫాక్స్. దాని 115 ఈఎస్‌ఆర్ అనే వెర్షన్‌కు, విండోస్ 7, 8 వాళ్ల మొహం చూసి గడువు మీద గడువు పొడిగించుకుంటూ వచ్చారు. గడువు పొడిగించడం మా రెవెన్యూ వాళ్లకూ వచ్చు గానీ, అది వాళ్ల పని గడువు.

ఇన్ని పాట్లు పడ్డాక తేలేదేమంటే, చాలాసార్లు బ్రౌజర్‌కు ఏ రోగమూ ఉండదు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అని గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఒకటుంటుంది, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు డబ్బాకు తేదీ, టైము గుర్తుండేది దాని పుణ్యమే. అది చచ్చిపోతే, కరెంటు పోయొచ్చినప్పుడల్లా కంప్యూటర్ తను పుట్టిన కాలానికి పోయి కూర్చుంటుంది. 2009 జనవరి 1 అనుకోండి. ఇప్పటి సైట్లన్నీ తలుపు తీసేముందు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఒక సర్టిఫికెట్ చూపిస్తాయి. 2009లో ఉన్న బ్రౌజర్ దాన్ని చూసి, ఇంకా పుట్టని సర్టిఫికెట్ తెచ్చి నన్ను మోసం చేస్తారా అని అడ్డం పడుకుంటుంది. దాని డ్యూటీ అది చేసింది. మనం దాన్ని ఉద్యోగంలోంచి తీసేస్తాం.

ఆ డబ్బా లెక్కలో ఇప్పుడు రాష్ట్రం ఒకటే, రాజధాని హైదరాబాదు. పుట్టపర్తిలో బాబా ఇంకా దర్శనాలిస్తున్నారు. తనకల్లు అనంతపురం జిల్లాలో ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా పుట్టేది 2022 ఏప్రిల్ 4న కదా. అట్లాంటి యంత్రం ముందు కూర్చొని శ్రీ సత్యసాయి జిల్లా, తనకల్లు మండలం అని కొట్టి సర్టిఫికెట్ ఇయ్యమంటే అది ఎట్లిస్తుంది? లేని జిల్లాకు సర్టిఫికెట్ ఇయ్యనని మొండికేసిన ఆఫీసు మండలం మొత్తానికి అదొక్కటే.

బెంచీ మీద కూర్చున్న పెద్దాయనకు ఇదంతా ఎవరు చెప్తారు?

"ఏమప్పా, అయిందా?"

"సైట్ డౌనయింది పెద్దాయనా."

"నిన్న కూడా అదే అంటివే."

"నిన్న సర్వర్ డౌను. ఈ పొద్దు సైట్ డౌను."

టీ, బన్ను ఖర్చుకు దొరికే బిళ్ల మారిస్తే పోయేదానికి ఆయన ఒక పూట కూలి పోగొట్టుకొని లేస్తాడు. ముందుముందు ఇంకా మజా ఉంది. సైట్ల సర్టిఫికెట్ల ఆయుష్షును తగ్గించుకుంటూ పోయి, 2029 మార్చికల్లా 47 రోజులకు దించాలని, ఆ సర్టిఫికెట్లకు రూల్సు పెట్టే సీఏ/బ్రౌజర్ ఫోరం 2025లో తీర్మానం చేసింది.

బ్రౌజర్‌కే నిజంగా రోగమొచ్చిందనుకుందాం. క్రోమ్‌ను తీసేసేటప్పుడు అది పోతూ పోతూ ఒక మాట అడుగుతుంది: బ్రౌజింగ్ డేటా కూడా తుడిచెయ్యాలా? ఆ గడిలో టిక్కు పెట్టే మగాణ్ని నేనింతవరకు చూడలేదు. పాస్‌వర్డ్‌లు పోతాయని భయం. అవి రాసుకున్న కాగితం ఏ నాడో మిరపకాయ బజ్జీల పొట్లమైంది. అందుకని యూజర్ డేటా అనే ఫోల్డరు లోపల అట్లనే పడి ఉంటుంది. చెడిపోయిన సెట్టింగులు, ఎవడో తగిలించిన ఎక్స్‌టెన్షన్లు, మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయని గంటకోసారి మూల నుంచి కేకేసే నోటిఫికేషన్లు, అన్నీ అందులోనే. కొత్త క్రోమ్ వచ్చి ఆ మూటనే నెత్తికెత్తుకుంటుంది.

ఈ పనితనం కుర్రాళ్లు ఎక్కడ నేర్చారో నాకు అనుమానమేం లేదు. 2020లో రైతు భరోసా కేంద్రాలన్నారు. 2024లో గవర్నమెంటు మారినాక ఆ పేరు తీసేసి రైతు సేవా కేంద్రాలని ఎక్కించారు. బోర్డు కొత్తది, రంగు కొత్తది, సబ్సిడీ శనక్కాయ విత్తనానికి నిలబడే వరస పాతది. రైతుకు డబ్బులిచ్చే పథకమూ అంతే: 2019 మొదట్లో అన్నదాత సుఖీభవ ఎక్కించారు, అదే ఏడాది చివర్లో తీసేసి రైతు భరోసా ఎక్కించారు, 2025 ఆగస్టులో దాన్నీ తీసేసి మళ్లీ అన్నదాత సుఖీభవే ఎక్కించారు. పాత వెర్షన్‌కు తిరిగి పోవడమెట్లా అని మా కుర్రాళ్లు తల పట్టుకుంటారు గానీ, అమరావతిలో అది చిటికెలో అయింది. జిల్లానే మార్చి చూశారు. వన్-బీలో సచ్చిపోయిన తాత పేరు మాత్రం అనంతపురం వెర్షన్‌లోనూ ఉండె, సత్యసాయి వెర్షన్‌లోనూ ఉంది.

బ్రౌజర్ గొడవే వద్దని 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో సేవలను వాట్సాప్‌లోకే తెచ్చారు. మంచి పనే, నేను కాదనను. కాకపోతే ఆ నెల ఒకటో తేదీనే వాట్సాప్ కిట్‌క్యాట్ ఆండ్రాయిడ్ ఫోన్లకు సెలవు చెప్పేసింది. మిత్రుడు ఊళ్లోకి వచ్చేసరికి కొడుకులు వాడి వదిలేసిన ఫోన్లు పట్టుకున్న ముసలోళ్లు కొందరు ఊరి బయటే నిలబడిపోయారు.

అధికారులకు నాదొక మనవి. అప్లికేషన్‌లో ఆధార్, కులం, ఆదాయం గడుల కింద ఇంకో గడి పెట్టండి: దరఖాస్తుదారు కంప్యూటర్ ప్రస్తుతం ఏ సంవత్సరంలో ఉన్నది? దానికి రుజువుగా తహసీల్దారు సంతకంతో ఒక సర్టిఫికెట్ కూడా అడగండి. అప్లై చేసేది ఆన్‌లైన్‌లోనే అనుకోండి.