గ్రీజు ఇడ్లీ

ఇడ్లీలోకి నంజుకోవడానికి కారప్పొడి, సాంబారు, కొబ్బరిచట్నీ ఉండేవి. కోయంబత్తూరు పీలమేడులోని మా ఇంట్లో ఇప్పుడు గ్రీజు కూడా చేరింది. పేరుమోసిన మా ఊరి గ్రైండర్ల కంపెనీ కొసరుగా వేసింది.

కొత్త గ్రైండరులో రుబ్బిన పిండిలో, ఇరుసు చుట్టూ సన్నటి నల్లగీత. మినప్పొట్టు అనుకున్నాను. అమ్మ కాస్త తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "పొట్టు నలుగుతుందిరా, ఇది జారుతోంది" అంది.

సర్వీసు కుర్రాడు వచ్చాడు. వంగి చూడకుండానే, "కొత్తది కదమ్మా, నాలుగు వాయిలు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు. అమ్మ లెక్కపెట్టింది. ఇరవయ్యో వాయి కూడా నల్లగానే దిగింది. మళ్లీ ఫోను చేస్తే, "ఈ మోడలంతా అంతేనండీ" అని ఓదార్చారు. మా ఒక్కరి కర్మ కాదట, కొన్నవాళ్లందరిదీనట!

మార్చాల్సింది గ్రీజును ఆపలేని ఒక నాసిరకం సీలు. కంపెనీ ఊరుకుందా? డ్రమ్ము రంగు మార్చింది. అట్టపెట్టె మీద నవ్వే తారను మార్చింది. వారంటీ కార్డులో అక్షరాలను చీమకాళ్లంత చేసింది.

యజమాని గారూ, చెడుతున్నది మీ పేరొక్కటే అయితే మీ ఇష్టం. 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం కలిసి దేశవాళీ మోటారు చేసిన ఊరు ఇది. 1955లో సభాపతి రుబ్బురోలును కరెంటుతో తిప్పిన ఊరు. 2005-06లో 'కోయంబత్తూరు వెట్ గ్రైండర్'కు భౌగోళిక గుర్తింపు ఇచ్చారంటే, ఊరిపేరే ముద్రయింది. మదురైలో పిండి నల్లబడితే మీ కంపెనీ పేరెవరికి గుర్తు? "కోయంబత్తూరు గ్రైండరు ఇలా ఏడ్చింది" అంటారు. ఇన్నేళ్లుగా సీలు సరిగ్గా బిగిస్తున్న చిన్న షెడ్డు వాళ్లకూ ఆ మసి అంటుతుంది.

జపాన్ కంపెనీ తకాటా కూడా పెద్ద పేరే. ప్రాణం కాపాడాల్సిన ఎయిర్‌బ్యాగులు పేలి ఇనుపముక్కలు చిమ్ముతున్నా, బ్యాగులు మార్చకుండా పరీక్షల లెక్కలు మార్చింది. 2017లో దివాలా తీసింది. మీరింకా గ్రీజు దగ్గరే ఉన్నారు, సంతోషం.

మొన్న విజయవాడ నుంచి పిన్ని కూతురు ఫోను. "పెద్దమ్మా, మంచి గ్రైండరు ఏదో చెప్పు." ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న పూర్తికాకముందే మీ కంపెనీ పేరు చెప్పిన మా అమ్మ కాసేపు పలకలేదు.

"ఎందుకులేవే, మిక్సీ కొనుక్కో" అంది.