బండి మీద బారెడు కడ్డీ

రేడియో పుస్తకాలు రాసిన మహానుభావులెవరూ మామిడికుదురు నుంచి అప్పనపల్లికి ఎత్తు బండి తోలినట్టు లేరు. తోలి ఉంటే, కప్పు మీద యాంటెనా బిగించే అధ్యాయంలో కొబ్బరిమట్టకు కనీసం ఒక పేరా కేటాయించేవారు. కోయాక్స్ తీగ గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ మట్ట ఊసే ఎత్తరు.

ఈ లోటు మా బావగారి వల్ల బయటపడింది. ఆయన టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు, తెల్లారి లేచి చూస్తే తాము పాతిన స్తంభాలే కొబ్బరిచెట్లతో పాటు రోడ్డుకడ్డంగా పడున్నాయట. పక్కూళ్లో ఎవరు బతికున్నారో తెలియాలంటే నడిచి వెళ్లడమే దారి. తీగలూ స్తంభాలూ లేకుండా మాట్లాడే సాధనం ఒకటుండాలని ఆ రోజే అనుకున్నారు. పెన్షన్ మొదలయ్యాక పరీక్ష రాసి, హ్యామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నారు.

హ్యామ్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి, పాసైన వాళ్లకు ‘వీయూ’తో మొదలయ్యే పిలుపు పేరొకటి ఇస్తుంది. రాజీవ్ గాంధీకి కూడా ఉండేది, వీయూ2ఆర్‌జీ అని. ఆ పేరుతో సొంత ట్రాన్స్‌మిటర్ మీద ప్రపంచంలో ఏ హ్యామ్‌తోనైనా మాట్లాడొచ్చు. వ్యాపారం మాత్రం మాట్లాడకూడదు. ఈ చివరి షరతు దగ్గరే మా చుట్టాలకు ఆసక్తి పోయింది. అంబాజీపేటలో ఇవాళ కాయ రేటెంతో అడగడానికి వీల్లేని రేడియో కోనసీమలో దేనికని వాళ్ల అభిప్రాయం. నాకూ అందులో న్యాయం ఉన్నట్టే అనిపించింది.

రేడియో ఇంట్లో ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. తర్వాత ఆయన ఓ పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, సింకు పెట్టించారు. నిటారుగా నిలబడి వంట చేసుకోవాలని కప్పు కోయించి ఫైబర్‌తో ఎత్తు పెంచారు. ఊళ్లో దానికి ‘మంచాల బస్సు’ అని పేరు పడింది. తీర్థయాత్రలు తిరుగుతూ దారి పొడుగునా మాట్లాడుకుంటూ పోవాలని ఆయన కోరిక. అప్పుడు తగిలింది యాంటెనా సమస్య.

పగటిపూట దూరాలు మాట్లాడ్డానికి హ్యాములు 7 మెగాహెర్ట్జ్ వాడతారు, ఆ తరంగాన్ని పైనున్న అయనోస్ఫియర్ పొర కిందికి తిప్పి పంపుతుంది. ఆ తరంగం పొడుగు దాదాపు 42 మీటర్లు. బండి మీద నిలబెట్టే కడ్డీ అందులో నాలుగో వంతు ఉండాలి, అంటే పదిన్నర మీటర్లు, ఓ మోస్తరు కొబ్బరిచెట్టంత. చెట్టు నెత్తిన పెట్టుకుని కాశీ వెళ్లలేం గనక, కడ్డీ మొదట్లో రాగితీగ చుట్ట ఒకటి వేసి దాన్ని రెండు మీటర్లకు కుదిస్తారు. పొట్టి చేసినందుకు శక్తిలో చాలా భాగం వేడిగా పోతుంది. అయినా సరే, మూడు మీటర్ల బండి మీద రెండు మీటర్ల కడ్డీ. మొత్తం అయిదు. హైవే మీద ఫరవాలేదు. మా డొంకదార్లలో మట్టలు అంతకంటే కిందికే వేలాడతాయి.

మొదట అయస్కాంతం బిళ్ల తెప్పించారు. కార్ల మీద ఠక్కున అతుక్కునే రకం. ఫైబర్ కప్పు దానికి ఇనుములా కనిపించలేదు. మొదటి మలుపులోనే అది జారి వెనక వస్తున్న సైకిలాయన ముందు పడింది. ఆయన తీసిచ్చి, “బాబుగోరండీ, తమరి టీవీ పడిపోయిందండి” అని వెళ్లిపోయాడు.

తాటిపాకలో వెల్డరు దగ్గరకెళ్లాం. గేట్లకు వాడే యాంగ్లర్‌తో నాలుగు కాళ్ల పీట చేసి కప్పుకి బోల్టులతో బిగించాడు. చేత్తో ఊపి చూపించి, “బండైనా వంగాలి గానీ ఇది వంగదండి, ఆయ్!” అన్నాడు.

మాట తప్పలేదు. అప్పనపల్లి దారిలో ఓ మట్ట కడ్డీని పట్టుకుంది. కడ్డీ వంగలేదు, పీట కదల్లేదు. పీట కింద ఉన్న కప్పు మాత్రం చేటంత మేర పైకి లేచింది. ఆ సాయంత్రం వాన కూడా వచ్చి మంచం మీదే పడుకుంది.

కొబ్బరి దింపు తీసే అతన్ని పిలిచి, దారిలో మట్టలు కొట్టడానికి ఎంతవుతుందని అడిగారు బావగారు. అతను వేళ్లు ముడిచి చాలాసేపు లెక్కపెట్టాడు. “కొట్టడానికేముందండి. ఎవరి చెట్లకి వాళ్లనడగాలి కదండీ. అప్పనపల్లి గుడి దాకా ఇంటింటికీ దణ్ణం పెట్టుకుంటా తమరు ముందు నడిస్తే, ఎనకాల నేను కొట్టుకుంటా వత్తానండి” అన్నాడు.

అప్పుడు వేరేగా ఆలోచించారు. కప్పు లోపలివైపు వెడల్పాటి అల్యూమినియం రేకు వేసి, పైనున్న బోల్టుల బరువు ఆ రేకంతా పంచుకునేలా బిగించారు. యాంటెనాకు కింద లోహపు నేల కావాలి, ఫైబర్ అది ఇవ్వదు. రేకుని అల్లిన రాగి పట్టీతో ఛాసిస్‌కి కలిపేసరికి, యాంటెనా ఎంత కుదిరిందో చూపే మీటరులో మూడు దాటి ఊగుతున్న ముల్లు ఒకటిన్నర కిందికి దిగింది. బోల్టులు స్టీలువి, రేకు అల్యూమినియం, గాలి సముద్రానిది. ఈ మూడూ కలిస్తే తినేసుకుంటాయని మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు, గ్రీజు. తీగ లోపలికొచ్చే చోట కిందికో వంపు వదిలారు, నీళ్లు అక్కడ నుంచి బొట్లుగా కారిపోవడానికి.

కడ్డీ మొదట్లో పాత మోపెడ్ స్ప్రింగు, దాని కింద తలుపు మడతబందు. కడ్డీకి తాడు కట్టి, పెరట్లో నూతి మీద నుంచి ఊడదీసిన కప్పీ మీదుగా ముందు సీటు దాకా తెచ్చారు. తాడు లాగితే కడ్డీ పడుకుంటుంది, వదిలితే లేస్తుంది. కరెంటు తీగల కింద కూడా పడుకోబెట్టే దాటాలని అక్క షరతు. ఎడంపక్క సీట్లో కూర్చునేది తనే కాబట్టి తాడు తన చేతికే వచ్చింది. బోడసకుర్రు వంతెన దాకా ఒక చక్కరు కొట్టి వచ్చేసరికి చెయ్యి తిరిగిపోయింది. మట్ట కనపడకముందే లాగేస్తోంది.

పరికరం ఇంత బాగా కుదిరాక దాని అసలు ప్రయోజనం బయటపడింది. మొన్నామధ్య వైనతేయ ఒడ్డున బండి ఆపుకుని, బావగారు బెంగళూరు హ్యామ్ ఒకాయనకు ఈ మౌంట్ నిర్మాణం బోల్టు బోల్టుగా వివరిస్తున్నారు. పొయ్యి మీద పులుసు దిగింది, అన్నం చల్లారుతోంది. అక్క రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. ముందుకెళ్లి సీట్లో కూర్చుని తాడు లాగింది.

బావగారు కాసేపు “హలో, హలో” అన్నారు. తల బయటపెట్టి పైకి చూశారు. చుట్టుపక్కల ఒక్క మట్టా లేదు. అక్క తాడు చేతికి చుట్టుకుని కిటికీలోంచి నది చూస్తోంది. ఆయన హెడ్‌ఫోన్ తీసేసి, లాగ్ పుస్తకం తెరిచి, సిగ్నల్ పడిపోవడానికి కారణం ‘అయనోస్ఫియర్’ అని రాసుకుని, భోజనానికి లేచారు.