ఫౌండర్ ప్రెసిడెంటుగారు

మా మేనల్లుడు రాజమండ్రి దగ్గర ఓ కాలేజీలో అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడని మా అక్క చెబుతుంది. వాడు మాత్రం అలా చెప్పడు. "స్టూడెంట్ క్లబ్ ఫౌండర్ ప్రెసిడెంట్‌నండి" అంటాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో "తాతయ్యకి జ్వరం తగ్గింది" అని పెట్టినా కింద ఆ హోదా ఉంటుంది.

క్లబ్బులో సభ్యులెంతమందిరా అంటే పదవులు చెబుతాడు. ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, ముగ్గురు సెక్రటరీలు, ఒక డ్రోన్ విభాగం కన్వీనరు (డ్రోన్ లేదు), ట్రెజరరు, జాయింట్ ట్రెజరరు. ఇద్దరు కాపలా కాసేంత సొమ్ముందా అని అడిగాను. "లేదు కాబట్టే మావయ్యా, బాధ్యత పంచుకోవాలి" అన్నాడు. ఫ్లెక్సీల బాకీ దగ్గర మాత్రం ఈ పంపకం గుర్తు రాదు. షాపువాడు నాకే ఫోన్ చేస్తాడు.

వాడి పంచాంగంలో తిథులుండవు, దినోత్సవాలుంటాయి. మార్చి 22 నీటి దినం, మే 15 కాటన్ దొర జయంతి, సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినం. డిసెంబరొచ్చిందా, మనిషి దొరకడు. 3న వ్యవసాయ విద్యా దినం, 5న నేల దినం, 23న రైతు దినం. చిక్కేమిటంటే డెల్టాలో డిసెంబరంటే ఓ పక్క సార్వా ధాన్యం ఎండబోసుకోవడం, ఓ పక్క దాళ్వా ఆకుమడి. సభకి రైతన్నవాడు రాడు. అందుకని ఏటా మా నాన్నగారికి ఇస్త్రీ పంచె కట్టించి, కారెక్కించి తీసుకెళ్ళి ఉత్తమ రైతు శాలువా కప్పుతాడు. నాన్నగారు కోనసీమలో పొలం కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది. అక్కడ చప్పట్లు మోగే వేళకి ఇక్కడ మా కౌలుదారు రోడ్డు మీద ధాన్యం తిరగేస్తుంటాడు. శాలువాలతో మా అమ్మ దిండ్లకి గలీబులు కుట్టించింది.

ఇక టూర్లు. ధవళేశ్వరం కాటన్ మ్యూజియం ముందు వీళ్ళు దిగని ఫోటో లేదు. ఆ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదావరికి ఆనకట్ట కట్టేశాడు. మావాడు ఫస్టియర్లో మొదలుపెట్టిన క్లబ్బు నియమావళి ఫైనలియర్‌కీ చిత్తుప్రతిలోనే ఉంది. మారుటేరు వరి పరిశోధన స్థానానికీ వెళ్ళారు. 1925 నాటిది, దేశమంతా తినే స్వర్ణ వరి 1982లో అక్కణ్ణుంచే బయటికొచ్చింది. అక్కడ శాస్త్రవేత్త విత్తనాల గురించి చెబుతుంటే మావాడు ఆయనకి కప్పాల్సిన శాలువా కోసం బస్సులో వెతుకుతున్నాట్ట. తిరుగుదారిలో ఆత్రేయపురంలో ఆగి, పూతరేకులు తిని, రిపోర్టులో "పలుచని పొరల ఆరబెట్టే విధానం - క్షేత్ర పరిశీలన" అని రాశారు. అది అబద్ధమని నేననను. కాలుతున్న కుండ మీద బియ్యప్పిండి జావతో తడిపిన గుడ్డ లాగి, క్షణంలో రేకు తీసే ఆ ఆడవాళ్ళే అసలు ప్రాసెస్ ఇంజనీర్లు. బిల్లు మాత్రం మూడు కిలోలకుంది.

ఈమధ్య కాన్సాస్‌లో చదివే సీనియరొకడు ఆల్ఫా ఎప్సిలాన్ అనే మాట చెవిన వేశాడు. 1959లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో పుట్టిన గౌరవ సంఘం అది, ఈ చదువు చదివేవాళ్ళ కోసమే. మార్కులు చూసి వాళ్ళే పిలుస్తారు. వాళ్ళు పిలవడమన్నది మావాడికి నచ్చలేదు. వారం తిరక్కుండా తనే ఓ గౌరవ సంఘం పెట్టి, తొలి గౌరవ సభ్యుడిగా తనని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాడు. ఈ జబ్బు ఎటువైపు నుంచొచ్చిందో అని మా అక్క నావంక చూస్తుంది. మా వీధి సంక్షేమ సంఘానికి నేను గౌరవాధ్యక్షుణ్ణి. దానికీ దీనికీ సంబంధం లేదు.

వాడికి అభిమాన విషయం మురుగు. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యమని, క్రాప్ హాలిడే అని కూర్చున్నప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన మురుగు కాలువల గురించీ మొత్తుకున్నారు. దానిమీద మావాడు గంటన్నర మాట్లాడగలడు, తెర మీద బొమ్మలతో సహా. ఒక్క పూట దిగి గుర్రపుడెక్క తియ్యండిరా అంటే డ్రైనేజీ ఉపసంఘం వేశాడు.

కానీ పోయిన సార్వాకి నాట్లయిన వారానికే ఎడతెగని వాన పట్టి చేను మునిగింది. వాడు కాలేజీ నుంచి లెవెల్ మిషనూ కర్రా అడిగి పట్టుకుని బైకు మీద వచ్చేశాడు. కౌలుదారు గట్టు తెంపుతున్న మూల కన్నా కొబ్బరితోట వైపు మూల జానెడు పల్లమని లెక్కగట్టి చూపించాడు. బ్యాడ్జీ లేదు, ఫ్లెక్సీ లేదు. మోకాలి లోతు బురదలో దిగి తనే పార పట్టాడు. తెల్లారేసరికి నీరు మురుగు కోడులోకి లాగేసి నాటు తల ఎత్తింది. మా నాన్నగారు నోరు తెరిచి మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే. మెచ్చుకోవడం పూర్తవకుండానే వాడికి గుర్తొచ్చింది, ఫోటో తియ్యలేదని.

"బాబాయ్, గట్టు తెంపుతున్నట్టు ఒక్కసారి నిలబడండి."

"నీళ్ళేయండీ? లాకుల కాడ లస్కరుగారితో చెప్పి మళ్ళీ ఒదిలించమంటారేటండీ?" అన్నాడు కౌలుదారు.

మావాడు కాలువ వైపు చూసి, "అరగంట చాలు బాబాయ్" అన్నాడు.