గంపగుత్త ఓట్ల రగ్బీ

రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరడం తప్పు. పక్కకో వెనక్కో అందించుకుంటూనే ముందుకు పోవాలి. ఈ ఆటను డబ్లిన్ నుంచి ఏలే వరల్డ్ రగ్బీ సంస్థ కౌన్సిల్లోనూ పనులు జరిగేది ఇలాగే. నేరుగా ముందుకు పోయినవాడు అక్కడ గెలిచిన దాఖలాలు తక్కువ. సంస్థలో సభ్య సంఘాలు నూట ముప్పైకి పైనే ఉన్నాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలన్నా, ప్రపంచ కప్పు ఎవరింట జరగాలో తేల్చాలన్నా ఓటు హక్కు మాత్రం కౌన్సిల్లో కుర్చీ ఉన్నవారిదే.

2020 మే నాటి అధ్యక్ష ఎన్నికలో కౌన్సిల్ ఓట్లు 51. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్, ఫ్రాన్స్, ఇటలీలకు తలా మూడు చొప్పున 18. దక్షిణాది పెద్దలైన న్యూజీలండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనాలకు తలా మూడు చొప్పున 12. జపాన్‌కు 2. అమెరికా, కెనడా, జార్జియా, రొమేనియా, ఉరుగ్వే, ఫిజీ, సమోవాలకు ఒక్కొక్కటి చొప్పున 7. మిగతా భూగోళమంతటికీ కలిపి, ఆరు ప్రాంతీయ సమాఖ్యల పేరిట, రెండేసి చొప్పున 12. ప్రజాస్వామ్యమంటే అందరికీ ఓటు ఉండటమేనని రాజనీతి శాస్త్రం చెబుతుంది. రగ్బీ దాన్ని కాదనలేదు. ఎవరికెన్ని అన్నది మాత్రం తానే చూసుకుంది.

ఈ ఓట్లకూ మైదానంలో సత్తాకూ చుట్టరికం వెతకడం దండగ. ఇటలీ ఆరు దేశాల పోటీలో 2015 నుంచి 2022 మార్చి దాకా వరసగా 36 మ్యాచులు ఓడింది. ఆ కాలంలో దాని ఓట్లలో ఒక్కటీ తగ్గలేదు. టోంగా 2011 ప్రపంచ కప్పులో ఫ్రాన్సును ఓడించింది. 2020లో దానికి సొంత ఓటు ఒక్కటి కూడా లేదు. ఓడినా నిలబడేదే అసలైన హోదా అనుకుంటే ఇటలీకి అన్యాయమేమీ జరగలేదు.

ఈ లెక్కకు పునాది 1886లో పడింది. అంతకు రెండేళ్ళ కిందట ఇంగ్లండ్, స్కాట్లండ్ మ్యాచులో ఒక ‘ట్రై’ (గోల్ గీత అవతల బంతిని నేలకు ఆనించడం) చెల్లుతుందా చెల్లదా అని తగాదా వచ్చింది. తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేకపోవడంతో స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ కలిసి, నేటి వరల్డ్ రగ్బీకి మూలమైన ఒక అంతర్జాతీయ బోర్డు పెట్టుకున్నాయి. మా దగ్గర క్లబ్బులు ఎక్కువ, కాబట్టి కుర్చీలూ ఎక్కువ ఇవ్వాలంటూ ఇంగ్లండ్ అలిగింది. చివరికి ఆ మూడు దేశాలూ దానితో మ్యాచులు ఆడటం మానేశాయి. 1890లో మధ్యవర్తులు కూర్చుని ఇంగ్లండ్‌కు ఆరు, మిగతా ముగ్గురికి రెండేసి స్థానాలని తేల్చారు. నిబంధనలు మార్చాలంటే నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. పన్నెండు ఓట్లలో ఆరు ఒక్కరి జేబులో ఉంటే ఆ మూడు వంతులు ఎక్కడి నుంచి వస్తాయో మధ్యవర్తులకు తెలియదనుకోవడం వారి తెలివిని తక్కువ చేయడమే.

1911లో ఇంగ్లండ్ వాటా నాలుగుకు దిగింది. 1948లో రెండుకు దిగి, న్యూజీలండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకు ఒక్కో కుర్చీ దొరికింది. 1910 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్‌లతో ఆడుతూ వచ్చిన ఫ్రాన్సుకు లోపలికి పిలుపు వచ్చింది 1978లో. గడప దగ్గర 68 ఏళ్ళు నిలబడ్డ ఫ్రాన్సు, లోపలికి వెళ్ళగానే తలుపు వేసే పనిలో మిగతావారికి చక్కగా సాయపడింది.

ఒక్క ఓటు విలువ బయటపడిన సందర్భం 1985లో పారిస్ సమావేశం. రగ్బీకి ప్రపంచ కప్పు ఉండాలా వద్దా అన్నది ప్రశ్న. బోర్డులో ఎనిమిది దేశాలు, రెండేసి ఓట్లు. న్యూజీలండ్, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు ఉండాలన్నాయి. వర్ణవివక్ష కారణంగా తనను ఎలాగూ పిలవరని తెలిసీ దక్షిణాఫ్రికా ఔనంది. లెక్క ఎనిమిదికి ఎనిమిది దగ్గర ఆగింది. అప్పుడు ఇంగ్లండ్ నుంచి జాన్ కెండల్ కార్పెంటర్, వేల్స్ నుంచి కీత్ రోలాండ్స్ తమ దేశాల జంట ఓట్లను చీల్చి అటు వేశారు. తీర్మానం 10–6తో నెగ్గింది. రగ్బీ చరిత్రలో మనిషి తన బుర్రతో ఓటేసిన ఘట్టాలు ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

2015 నవంబరులో కౌన్సిల్ తనను తాను సంస్కరించుకుంది. ఆట ప్రపంచమంతా విస్తరించింది, పాలన కూడా విస్తరించాలి అన్నారు. జార్జియా, రొమేనియా, అమెరికాలకు ఒక్కో ఓటు ఇచ్చారు. ఇవ్వడానికి ఎవరి వాటా తగ్గించారని అడిగితే, ఎవరిదీ తగ్గించలేదు. రెండు ఓట్లున్న పాతకాపులకు మూడేసి వచ్చాయి. కొత్తవారికి తలుపు తీసినప్పుడల్లా లోపలివారి కుర్చీలు వెడల్పు కావడం సంస్కరణ లక్షణం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. 2023 ప్రపంచ కప్పు ఎవరికివ్వాలన్న ఓటింగ్ దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. దక్షిణాఫ్రికా, ఫ్రాన్సు, ఐర్లండ్ పోటీ పడ్డాయి. స్టేడియాలు, హోటళ్ళు, గ్యారంటీ సొమ్ము అన్నీ కొలిచి సంస్థే నియమించిన నిపుణులు 2017 అక్టోబరు చివర నివేదిక ఇచ్చారు; మొదటి మార్కు దక్షిణాఫ్రికాది. రెండు వారాల తర్వాత రహస్య ఓటింగ్. తొలి విడతలో ఫ్రాన్సుకు 18, దక్షిణాఫ్రికాకు 13, ఐర్లండ్‌కు 8. రెండో విడతలో ఫ్రాన్సు 24–15తో కప్పు ఎత్తుకుపోయింది. నిపుణుల శ్రమ వృథా కాలేదు. ఎవరికి ఇవ్వకూడదో కౌన్సిల్‌కు ముందుగా తెలిసింది. ఇంతకీ ఎక్కువ నొచ్చుకున్నది ఐర్లండ్. పొరుగునే ఉన్న స్కాట్లండ్, వేల్స్ కూడా తనకు ఓటు వేయలేదు మరి.

చిన్న దేశాల ఓట్లు పెద్దల వైపు ఎందుకు వాలతాయో తెలియాలంటే జమాఖర్చులు చూడాలి. రగ్బీలో సొంతగడ్డ మీద మ్యాచు ఆడించే సంఘానిదే గేటు సొమ్మంతా. 2017 నవంబరులో సమోవా జట్టు లండన్‌లో ట్వికెన్‌హామ్ మైదానానికి వచ్చింది. ఆ మ్యాచుకు ఇంగ్లండ్ ఆటగాడికి సుమారు 22 వేల పౌండ్లు, సమోవా ఆటగాడికి సుమారు 650 పౌండ్లు. తమ సంఘం దివాలా తీసిందని ఆ దేశ ప్రధానమంత్రే ప్రకటించారు. ఇంగ్లండ్ పెద్ద మనసు చేసుకుని 75 వేల పౌండ్లు ఇచ్చింది. న్యాయంగా వాటా పంచితే సమోవా తన ఓటు తన ఇష్టానికి వేసుకునేది. దయతో ఇస్తే అంత స్వేచ్ఛ మిగలదు.

2020లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ బిల్ బోమాంట్ రెండోసారి అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఉపాధ్యక్షుడిగా ఉన్న అర్జెంటీనా మాజీ కెప్టెన్ అగుస్తిన్ పిచోట్ ఆయన మీద పోటీకి దిగారు. చిన్న దేశాలకు మ్యాచులు, డబ్బు, మాట దక్కాలన్నది పిచోట్ ప్రచారం. తీరా చూస్తే బోమాంట్ పేరును బలపరిచింది ఫిజీ. ఆఫ్రికా సమాఖ్య బోమాంట్ వైపు, అదే ఖండంలోని దక్షిణాఫ్రికా పిచోట్ వైపు. ఫలితం 28–23. ఆరు దేశాల 18 అటు, దక్షిణాది 12 ఇటు అని అందరూ వేసిన లెక్క నిజమైతే, మిగిలిన 21 ఓట్లలో పిచోట్‌కు 11, బోమాంట్‌కు 10 పడ్డాయి. అంటే గంపగుత్త ఓట్లు పక్కన పెడితే గెలిచింది ఓడినాయనే. పక్కన పెట్టడానికి వీల్లేకుండానే వాటిని గంపకెత్తారు.

2024 నవంబరు ఎన్నికలో ఆ గంపకు చిల్లు పడింది. యూరప్ నుంచి ఫ్రాన్సు తరఫున అబ్దెలతీఫ్ బెనాజీ, ఇటలీ తరఫున ఆండ్రియా రినాల్డో ఇద్దరూ నిలబడ్డారు. ఇటలీ అభ్యర్థి తొలి విడతలోనే తప్పుకోవలసి వచ్చింది. చివరికి ఆస్ట్రేలియాకు చెందిన బ్రెట్ రాబిన్సన్ 27–25తో నెగ్గి, దక్షిణార్ధగోళం నుంచి ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యారు. అన్నదమ్ములు ఒక్కటిగా ఉన్నంతకాలమే ఉమ్మడి ఓటు.

ఈ వ్యవహారంలో భారతదేశానిది వెండి పాత్ర. 1870లలో కలకత్తాలో రగ్బీ ఆడిన తెల్లదొరలు క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి కరిగించి కప్పు చేయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దానికోసమే పోటీ పడుతున్నాయి. కప్పు పేరు నేటికీ కలకత్తా కప్పే. రూపాయి ఇచ్చిన దేశానికి కౌన్సిల్లో సొంత ఓటు లేదు. ముప్పైకి పైగా దేశాలున్న ఆసియా సమాఖ్య రెండు ఓట్లలో భారత రగ్బీ సంఘానిది ఒక చిటికెడు. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి కుర్రాడు రేపు రగ్బీ బంతి పట్టుకుంటే అతని మాట జిల్లా, రాష్ట్రం, దేశం, ఖండం దాటుకుని డబ్లిన్ చేరాలి. దారిలో ప్రతి మెట్టు దగ్గరా కొంత తరుగు పోతుంది.

క్రికెట్‌కు వచ్చేసరికి భారత్ పాత్ర మారిపోతుంది. 2014లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలతో కలిసి ‘ముగ్గురు పెద్దలు’ ఏర్పాటు చేసుకున్నది భారత బోర్డే. 2024–27 కాలానికి అంతర్జాతీయ మండలి ఆదాయంలో 38.5 శాతం ఈ ఒక్క బోర్డుదే. రగ్బీలో పిచోట్ మాటలకు చప్పట్లు కొట్టే భారతీయ అభిమాని, అవే మాటలు వెస్టిండీస్ అంటే టీవీ ఛానల్ మారుస్తాడు.

గంపగుత్త విద్య తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ ఎవరన్నది బోర్డు సభ్యుల ఓట్లతో తేలినప్పుడు, తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడును పక్కకు నెట్టి విజయనగరం మహారాజకుమార్ ‘విజ్జీ’ నెగ్గారు. పర్యటన మధ్యలో జోరు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించారు. మూడు టెస్టుల్లో తాను 33 పరుగులు చేశారు. అదే పర్యటనలో సర్ బిరుదు పొందారు. బ్యాటు కూడగట్టలేనిది ఓటు కూడగట్టింది.

దేశంలోపలి ఓట్ల పటం ఇంకా ముచ్చటైనది. మహారాష్ట్రలో ముంబై, మహారాష్ట్ర, విదర్భ అని మూడు సంఘాలు. గుజరాత్‌లో గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర అని మూడు. ఒక రాష్ట్రానికి ఒకే ఓటు ఉండాలని జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో చెప్పింది, జూలైలో సుప్రీంకోర్టు సరేనంది. 2018 ఆగస్టులో అదే కోర్టు, ఆటకు ఆ సంఘాలు చేసిన చారిత్రక సేవ దృష్ట్యా, మూడేసి ఓట్లనూ తిరిగి ఇచ్చింది. ముందొచ్చినవారికి మూడేసి అన్న సూత్రం డబ్లిన్‌లోనూ ఢిల్లీలోనూ ఒక్కటే.

హైదరాబాద్ క్రికెట్ సంఘం ఈ విద్యను ఇంటిస్థాయికి తెచ్చింది. ఓట్లు రెండు వందలకు పైనే. ఎక్కువ భాగం జంటనగరాల క్లబ్బులవి. ఒకే కుటుంబం చేతిలో పలు క్లబ్బులు ఉన్నాయని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు 2023లో 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. వాటిని తీసేశాక జరిగిన ఎన్నికలో గెలిచిన అధ్యక్షుణ్ణే 2025 జూలైలో తెలంగాణ సీఐడీ అరెస్టు చేసింది. పోటీ అర్హత కోసం ఒక క్లబ్బు కాగితాలు తారుమారు చేశారన్నది అభియోగాల్లో ఒకటి. వరల్డ్ రగ్బీకి పెద్ద దేశాలన్నిటికీ మూడేసి ఓట్లు ఇవ్వడానికి దాదాపు నూట ముప్పై ఏళ్ళు పట్టింది. హైదరాబాద్‌లో ఒక ఇంటికి అంతకంటే ఎక్కువ, అంతకంటే త్వరగా సమకూరాయి.

కుండల్‌వాడి 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ ఊరు ఆ రోజున బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది, కాబట్టి ఇప్పుడు దాని క్రికెట్ పుణేలోని మహారాష్ట్ర సంఘం కింద, ఆ రాష్ట్రానికున్న మూడు ఓట్లలో ఒకదాని నీడన నడుస్తోంది. సరిహద్దు గీత కాస్త పడమరగా పడి ఉంటే నిజామాబాద్ జిల్లా కిందికి వచ్చి, ఉప్పల్‌లోని హైదరాబాద్ సంఘంలో ఆ జిల్లాకున్న ఒక్క ఓటులో వాటాదారు అయ్యేది; రాజధానిలో ఓ మోస్తరు కుటుంబం కంటే తక్కువ బలంతో.