స్వర్ణయుగానికి చందా అయిదు వేలు

సోమవారం పొద్దున ఏ పత్రికదైనా జిల్లా పేజీ తెరవండి. ‘పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం’ అని శీర్షిక, దాని కింద ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని మూడు వరుసల్లో నిలబడ్డ అరవయ్యేళ్ల కుర్రాళ్లు కనిపిస్తారు. వార్త చదవక్కర్లేదు. ఆనాటి మధుర స్మృతులను నెమరు వేసుకుని ఉంటారు, ఒకరి యోగక్షేమాలు ఒకరు అడిగి తెలుసుకుని ఉంటారు, గురువులను ఘనంగా సత్కరించి రోజంతా ఆనందంగా గడిపి ఉంటారు. కిందటివారం వార్తకే ఊరి పేరూ బ్యాచ్ సంవత్సరమూ మార్చి మళ్లీ వేసినా అడిగేవాడు లేడు. బహుశా వేస్తూనే ఉన్నారేమో.

పాత స్నేహితులు కలిస్తే నాకేం బాధ? కలవాలి. బిర్యానీ తినాలి. షుగరు మాత్ర వేసుకుని మరీ గులాబ్‌జామ్ తినాలి. నా పేచీ అల్లా భోజనాలకు ముందు మైకు పట్టుకుని చెప్పే మాటతోనే. “ఆ రోజులే వేరు. అప్పుడు కులం లేదు, డబ్బు లేదు, అందరం సమానం. మాది స్వర్ణయుగం. ఇప్పటి పిల్లలకేం తెలుసు!” చప్పట్లు, ఈలలు. ఈల వేస్తే కట్టుడుపళ్లు జారతాయన్న భయం ఉన్నవాళ్లు చప్పట్లతో సరిపెట్టుకుంటారు.

సరే, ఆ యుగం సంగతి చూద్దాం. 1987లో ఇంజినీరింగ్ కాలేజీ నుంచి బయటపడ్డ బ్యాచ్ అనుకోండి. వాళ్లు చదువుతుండగానే, 1985 జులైలో, కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. మరుసటి ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం మురళీధరరావు కమిషన్ నివేదిక పట్టుకుని బీసీ రిజర్వేషన్లను 25 శాతం నుంచి 44 శాతానికి పెంచింది. దాని మీద రాష్ట్రమంతా విద్యార్థులు రోడ్డెక్కారు, తరగతులు ఆగిపోయాయి, చివరికి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ నెలల్లో హాస్టళ్లు నిలువునా చీలాయి. ఒకే గదిలో ఉండి, ఒకే బకెట్టుతో స్నానాలు చేసినవాళ్లు మాటలు మానేశారు. ఏ బ్లాకులో ఎవరుంటారో, మెస్సులో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో చెప్పడానికి బోర్డులు అవసరం లేకపోయింది. స్వర్ణయుగ చరిత్రకారులు దీన్నంతా “చిన్న చిన్న అలకలు” అన్న పద్దు కింద జమకట్టారు.

కులం లేదన్నవాళ్ల వాట్సాప్ గ్రూపు నిబంధనలు కూడా చూడండి. మొదటిది: కులం, మతం, రాజకీయాల పోస్టులు నిషేధం, పెట్టినవారిని అడ్మిన్ తొలగించును. లేనిదాన్ని నిషేధించడం ఎందుకని అడిగితే మిమ్మల్నీ తొలగిస్తాడు. అడ్మిన్‌తో సహా అందరూ ఎవరి కులం గ్రూపులో వాళ్లు హాయిగానే ఉన్నారు. అక్కడ ఏ నిషేధమూ లేదు, కడుపునిండా మాట్లాడుకోవచ్చు.

జ్ఞాపకాల తయారీ కూడా ఓ పెద్ద పరిశ్రమ. ప్రతి సమ్మేళనంలోనూ కనీసం ఒక పెద్దమనిషి తాను సైకిల్ చైను లాగి రౌడీలను తరిమిన కథ చెబుతాడు. తెర మీద ఆ చైను లాగిన ‘శివ’ సినిమా విడుదలైంది 1989 అక్టోబరులో. 1987లోనే కాలేజీ వదిలేసిన ఈయన ఆ చైను ఎప్పుడు, ఏ సైకిలుకు లాగాడో ఎవరూ అడగరు. 2007లో ‘హ్యాపీడేస్’ సినిమా వచ్చాక మరో విడత జ్ఞాపకాలు చేరాయి. అందులో క్యాంటీనూ వానా గిటారూ ఉంటాయి. మా రోజుల్లో హాస్టలు మొత్తం వెతికినా దొరికే వాద్యం మెస్సు పళ్లెం ఒక్కటే. ఇక వీధి దీపం కింద చదువుకున్నవాళ్ల లెక్క తీస్తే ఆ ఊరి మునిసిపాలిటీ అప్పట్లో రోజుకొక స్తంభం పాతి ఉండాలి.

ర్యాగింగ్ సంగతి మరీ ముచ్చట. “అదీ ఓ ఆత్మీయతే, దాంతోనే కదా దగ్గరయ్యాం!” అంటారు. ఎవరంటారు? చేసినవాళ్లు. ఆ ఆత్మీయత తట్టుకోలేక మొదటి నెలలోనే పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయినవాడు గ్రూప్ ఫోటోలో ఉండడు. అతను ఏ బ్యాచ్‌కీ పూర్వ విద్యార్థి కాలేదు మరి. ఇంత మధురమైన సంప్రదాయాన్ని నిషేధిస్తూ 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఆడవాళ్ల స్వర్ణయుగం ఎలా ఉండేదో మైకులో చెప్పమని ఎవరూ అడగరు. క్లాసులో నలుగురో అయిదుగురో. వాళ్ల పేర్లు హాజరు పట్టీలో కంటే మరుగుదొడ్ల గోడల మీద ఎక్కువగా కనబడేవి. సాయంత్రం ఆరింటికి వాళ్ల హాస్టలు గేటుకు తాళం. ఆ గోడల మీద రాసినవాళ్లే నేడు “మా బ్యాచ్ ఆడపడుచులు వేదిక మీదకు వచ్చి జ్యోతి ప్రజ్వలన చేయవలసిందిగా కోరుతున్నాం” అంటారు. దీపం వెలిగించాక వాళ్ల పాత్ర పూర్తి. బొకేలు అందించే ఘట్టం వస్తే మళ్లీ పిలుస్తారు.

తర్వాత స్వపరిచయాలు. “ఇక్కడ హోదాలు లేవు, అందరం ఒరేయ్ అనే పిలుచుకుందాం” అని ప్రకటన అవుతుంది. మరుక్షణం చీఫ్ ఇంజినీరుగా రిటైరైన వైనం, డల్లాస్‌లో మూడు ఇళ్లు, అల్లుడి కంపెనీ, మనవడి గ్రీన్ కార్డు వరసగా నడిచివస్తాయి. ముందు వరుస సోఫాలు స్పాన్సర్లవి. వెనక ప్లాస్టిక్ కుర్చీలో జిరాక్స్ షాపు పెట్టుకున్న మిత్రుడుంటాడు. నోట్లోంచి ‘ఒరే’ బయలుదేరుతుంది గానీ సోఫా దాకా చేరేసరికి ‘మీరు’ అయిపోతుంది. అసలు అతను వచ్చాడంటేనే గొప్ప. సప్లీలు కట్టీ కట్టీ డిగ్రీ వదిలేసినవాళ్లకు కబురే అందదు. అడ్రసు దొరకలేదట! న్యూజెర్సీలో ఉన్నవాణ్ని వారంలో పట్టుకున్న కమిటీకి పక్క మండలంలో ఎరువుల కొట్టు నడిపేవాడు ఏడాదైనా దొరకలేదు.

“మేం స్వయంకృషితో పైకొచ్చాం” అన్న మాట మీద మాత్రం నాకు నవ్వు ఆగదు. సర్కారు కాలేజీలో ఏడాది ఫీజు వందల్లోనే ఉండేది. హాస్టలు సర్కారుది, స్కాలర్‌షిప్పు సర్కారుది, ఇంటి దగ్గర అమ్మానాన్నలు తిన్నది 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం. జనం పన్నులతో చదువుకున్న ఈ స్వయంకృషీవలురే ఇప్పుడు “ప్రభుత్వం అన్నీ ఉచితంగా ఇచ్చి జనాన్ని సోమరులను చేస్తోంది” అని గ్రూపులో ఫార్వర్డులు పెడతారు. క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ 1983లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది. అప్పుడు డొనేషన్లకు వ్యతిరేకంగా నినాదాలు చేసిన మిత్రుడొకాయన ఇవాళ ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీకి కరస్పాండెంటు. సమ్మేళనానికి భోజనాల ఖర్చు ఆయనదే. ఎవరూ నోరెత్తరు, నోట్లో బిర్యానీ ఉంటుంది.

ఇంతకూ ఇప్పటి పిల్లలకేం తెలుసు అన్నది కదా ప్రశ్న. వేపచెట్టు కింద క్రికెట్, చెరువు గట్టు మీద కబుర్లు, సెకండ్ షో సినిమా... ఇవేవీ వాళ్లకు తెలియవని కన్నీళ్లు పెట్టుకునే ఈ పెద్దమనుషులే తమ పిల్లల్ని పదో తరగతి అవ్వగానే విజయవాడలోనో హైదరాబాదులోనో కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో పడేశారు. అక్కడ మైదానం ఉండదు. తెల్లారకముందే స్టడీ అవర్, వారాంతానికి ర్యాంకుల పట్టిక, ఆదివారం అమ్మతో ఫోనులో నాలుగు మాటలు. కిటికీలకు ఇనుప చట్రాలు. వేపచెట్టు ఫీజులో భాగం కాదు. ఎగిరే వయసులో ఆ పిల్లవాడి రెండేళ్లు అడ్వాన్సుగా చెల్లించి కొనుక్కున్న ఐఐటీ సీటో అమెరికా వీసానో ఇవాళ స్వపరిచయంలో గర్వంగా వినిపిస్తున్నారు. తమకు దొరికిన కాలేజీ రోజులంత ఆనందం మరి లేదని అంటూనే, దాన్ని సొంత పిల్లలకు దక్కకుండా చేసిన తరం ఇది. పిల్లలు ఫోన్లలో బతుకుతున్నారని ఉపన్యాసం ఇస్తుండగా నెత్తిమీద డ్రోను తిరుగుతుంది, రీలు కోసం రెండోసారి కేకు కోస్తారు.

ఇక గురుభక్తి. ఎనభై దాటిన మాస్టారిని పదింటికే తీసుకొచ్చి కూర్చోబెడతారు. డాన్సులు అయ్యి సన్మానం వంతు వచ్చేసరికి మూడు. పీరియడుకో ప్రాక్సీ కొట్టినవాళ్లూ, ఆయనకు మారుపేరు పెట్టినవాళ్లూ, పరీక్షలు వాయిదా వేయాలని ఆయన గది తలుపుకు తాళం వేసినవాళ్లూ వరసగా కాళ్లకు మొక్కుతారు. ఆయనకు ఒక్కరూ గుర్తుండరు. మర్యాదస్తుడు గనక ప్రతివాణ్నీ “నువ్వు బాగా చదివేవాడివి” అని దీవిస్తారు. ఆ రోజంతటిలో స్నేహం కోసం చెప్పిన అబద్ధం ఏదైనా ఉంటే అదొక్కటే, దాన్ని క్షమించవచ్చు.

సాయంత్రం పాత హాస్టలు ముందు గ్రూప్ ఫోటో దిగి బస్సెక్కుతారు. లోపలికి ఎవరూ వెళ్లరు, ముక్కు ఒప్పుకోదు. అందుకని కమిటీవారికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది జ్ఞాపికలూ టీషర్టులూ డ్రోనూ మానేసి, ఆ చందాతో హాస్టలు మరుగుదొడ్లకు తలుపులు పెట్టించి నీళ్లు రప్పించండి. గోడలకు సున్నం కూడా వేయించండి, మనం రాసిన పేర్లు ఇంకా అక్కడే ఉన్నాయి. తలుపుల మీద మీ బ్యాచ్ పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా ఎవరూ కాదనరు.