నిమ్మకాయలు తొక్కించాం, ఇక ఎగరడమే!

“పెట్టె తెరవండి, బ్యాటరీ పెట్టండి, ఎగరేయండి.” కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అమ్మే రేడియో కంట్రోల్ విమానాలకి కాస్త అటూ ఇటూగా ఇచ్చే భరోసా ఇది. చెప్పినవి మూడు పనులే. నాలుగోది ముక్కలు ఏరుకోవడం. దానికి పెట్టె మీద చోటు చాలలేదు కాబోలు.

అమ్మేవాడు అలా అనడంలో వింత లేదు, తన సరుకు వాడికి ముద్దు. వింతల్లా మనం దాన్ని నమ్మే తీరులోనే ఉంది. ఆదివారం రాహుకాలం సాయంత్రం కనుక పొద్దున్నే మైదానానికి బయల్దేరతాం. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, చక్రాలకన్నా అవే పెద్దవైనా సరే. కొబ్బరికాయ కొడతాం. రీల్ తీయడానికి బావమరిది ఓ పక్క, దిష్టి తీయడానికి అత్తగారు ఇంకో పక్క. ఇంత హంగామాలో విమానాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసిన పాపాన మాత్రం ఎవరూ పోరు.

చూస్తే పది నిమిషాల పని. రెక్కల కింద, మాన్యువల్ చెప్పిన గుర్తు దగ్గర రెండు వేళ్ళు ఆనించి విమానాన్ని ఎత్తాలి. ఆ గుర్తు మామూలుగా రెక్క ముందు అంచు నుంచి, దాని వెడల్పులో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉంటుంది. విమానం సమంగా నిలిచినా, ముక్కు కొంచెం వాలినా ఫరవాలేదు. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి. ముక్కు బరువైన విమానం మొరాయిస్తూనైనా ఎగురుతుంది. తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుంది. మనం మాత్రం బ్యాటరీ పెట్టేది మూత ఎక్కడ పడితే అక్కడ.

తర్వాత విమానం వెనక నిలబడి స్టిక్‌లు కదపాలి. కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. మన వైపు లాగితే తోక మీది పలక, అంటే ఎలివేటర్, పైకి లేవాలి. మనవాళ్ళ తనిఖీ ఇలా ఉంటుంది: “కదులుతోందా? కదులుతోంది. సరే!” ఎటు కదులుతోందన్నది గాల్లో తేల్చుకుంటారు. ఎయిలరాన్లు తిరగబడ్డ విమానం ఎడమకి వాలుతుంది. కుడికి దిద్దుతారు. ఇంకా వాలుతుంది. ఇంకా గట్టిగా దిద్దుతారు. ఈ వాదన తేలడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక్కడ ఒక మేధావి అడ్డు తగులుతాడు: “ఇందులో గైరో ఉందండీ, దానంతట అదే నిలబడుతుంది.” ఉంది, నిజమే. అయితే గైరో దిశ తప్పుగా సెట్ చేస్తే, మనిషి చేసే పొరపాటునే మనిషికన్నా వేగంగా, ఏమాత్రం తడబడకుండా చేసిపెడుతుంది. పరీక్ష తేలికే. గైరో ఆన్‌లో ఉండగా కుడి రెక్కను చేత్తో కిందికి వంచితే, ఆ పక్క ఎయిలరాన్ కిందికే దిగాలి.

లైపో బ్యాటరీ సెల్‌కి 4.2 వోల్టులు వస్తేనే నిండినట్టు, మూడు సెల్స్‌కి 12.6. “నిన్ననే ఛార్జింగ్ పెట్టాంగా” అన్నది వోల్టేజీ కొలత కాదు. ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్ చేయాలి, చివర ఆపాలి. రేంజ్ చెక్ మోడ్‌లో మాన్యువల్ చెప్పిన దూరం నడిచి వెళ్ళినా, ఆ పలకలను కదిపే సర్వోలు మాట వినాలి. ఈ పరీక్షలప్పుడు ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టాలి. అది చాదస్తం అనుకునేవారు వేళ్ళు ముందే లెక్కపెట్టుకుని రావాలి.

చోటు సంగతీ ఉంది. హైదరాబాద్ తీసుకోండి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అంటూ అసలు విమానాల రన్‌వేలే ఇన్ని ఉన్నాయి. మనం బొమ్మ అనుకునేది 2021 డ్రోన్ నిబంధనల లెక్కలో బొమ్మ కాదు. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో మన మైదానం ఎరుపా, పసుపా, ఆకుపచ్చా అని చూడటం రాహుకాలం చూసినంత తేలిక.

ఇక సాధన సంగతి. 1903 డిసెంబర్ 14న విల్బర్ రైట్ ముక్కు మరీ పైకెత్తేసి, మూడున్నర సెకన్లలో ఇసుకలో పడ్డాడు. మరమ్మతు చేసుకున్నాక 17న ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు. అంతకుముందు ఏడాది అన్నదమ్ములిద్దరూ గ్లైడర్ మీద వందలసార్లు సాధన చేశారు. మన హీరో సిమ్యులేటర్ ముట్టుకోడు, అది చిన్నపిల్లల ఆటట! విమానం తన వైపు తిరిగి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి ఆయనకి మైదానంలో, అత్తగారి ఎదుటే తెలియాలి.

కూలాక పంచనామా. గాలి లాగేసింది. సిగ్నల్ కట్టయింది. ఎవరి దిష్టో తగిలింది. స్టిక్‌లు పట్టుకున్న పెద్దమనిషి పేరు మాత్రం ఏ పంచనామాలోనూ ఎక్కదు.

అందరూ ఆ పది నిమిషాలు నేల మీద గడపడం మొదలుపెడితే ప్రొపెల్లర్లూ ఫోమ్ జిగురూ అమ్మే కొట్లు మూసుకోవాలి. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు. వాళ్ళ పొట్ట కొట్టడానికి మనసొప్పని దయామయులు ఇదంతా చదవనట్టే ఊరుకుని, రెండో ప్రొపెల్లర్‌కి ఇప్పుడే ఆర్డర్ పెట్టుకోవడం మంచిది.